దమ్ముందా అని అడిగితే

1979 జనవరిలో నన్ను మచిలీపట్నంలోని ఒక క్షయ చికిత్సా కేంద్రంలో హెల్త్ విజిటర్‌గా వేశారు. బి.యస్సీ. చదివి, ఆపైన శిక్షణ పొందినదాన్ని. డాక్టరుగారు రాసిన మందు రోగి నిజంగా మింగుతున్నాడో లేదో చూడటం మా పని. గడువుకి రానివాళ్ళ ఇళ్ళకి బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. దివిసీమ ఊళ్ళు నాకు అప్పగించారు. అక్కడ నోరున్న మనిషే నెగ్గుకురాగలదని మా డాక్టరుగారి సిద్ధాంతం.

నాంచారయ్య అవనిగడ్డ అవతల సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ముప్పై దాటి ఎంతో కాలేదు. డెబ్భై ఏడు నవంబరు తుఫానులో భార్య కొట్టుకుపోయింది. మిగిలింది అక్క వెంకాయమ్మ ఒక్కతే. దగ్గు, నల్లటి కళ్ళె, ఆయాసం. వల లాగలేకపోతున్నాడని ఆవిడే తీసుకొచ్చింది. కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు లేవు. ఎక్స్‌రేలో మాత్రం ఊపిరితిత్తుల పైకొసల్లో గాలి బుడగల్లాంటివి రెండు మూడు కనిపించాయి.

డాక్టరుగారు చుట్ట, బీడీ, సిగరెట్టు వరసగా అడిగారు. ఏదీ లేదన్నాడు. అబద్ధం కాదు, పొగాకు ముట్టని మనిషి. తర్వాత ఉబ్బసం సంగతి ఆ జనం మాటలోనే అడిగారు.

“దమ్ముందా?”

“ఉందండీ.”

“ఎప్పట్నుంచి?”

“తుఫాను అయినకాణ్ణించండీ. పొద్దునా, సాయంత్రమూ.”

ఇక తేలిపోయింది, ఉబ్బసం. మాత్రలిచ్చి పంపారు.

తర్వాత అతను రాలేదు. చల్లపల్లిలో బస్సు మారి నేనే వెళ్ళాను. కొత్తగా కట్టిన కాలనీ ఇంటి ముందు వెంకాయమ్మ చేపలు ఎండబెడుతోంది. “మీ మాత్రలకి వాడి చేతులొణుకుతున్నాయి గానీ దగ్గు తగ్గలేదమ్మా. ఏం చదివొచ్చారో” అంది. చదివింది తర్వాత చెబుతాను, ముందు మనిషిని చూపించమన్నాను. ఇంటి వెనక్కి వెళ్ళమని చెయ్యి చూపించింది.

అక్కడ నాంచారయ్య మట్టి చిలుముకి తడిగుడ్డ చుట్టి గంజాయి లాగుతున్నాడు. పీల్చిన పొగని కళ్ళు మూసుకుని లోపలే బిగబట్టాడు. వదిలేసరికి బయటికొచ్చింది చాలా తక్కువ. నేను అరిచాను. అతనిలో జంకు లేదు.

“డాక్టరుగారికి చెప్పానుగదండీ, దమ్ముందని. ఆయన మానెయ్యమన్లేదు.”

వాళ్ళలో ఆ పీల్పుని దమ్మంటారు.

కూర్చోబెట్టి అడిగితే మిగతాది చెప్పాడు. తుఫాను వెలిశాక శవాలు లాగే పనికి వెళ్ళాడట. ప్రతి శవంలోనూ భార్యని వెతికాడు. వాసన తట్టుకోవడానికి తోటివాళ్ళు చిలుము చేతికిచ్చారు. భార్య దొరకలేదు. “మానేస్తే ఆ వాసన తిరిగొస్తదండీ. అన్నం దగ్గరికి కూడా వస్తది” అన్నాడు.

తిరిగొచ్చి డాక్టరుగారితో వాదించాను. గంజాయికి ఊపిరితిత్తులు చెడతాయని మా పుస్తకాల్లో పెద్దగా లేదు. బైరాగులు ఎనభై ఏళ్ళు బతకడంలేదా అన్నారాయన. బతికినవాళ్ళే కదండీ మీకు కనిపించేది, ముందే పోయినవాళ్ళని ఎక్కడ చూశారన్నాను. ఆయనకి రుచించలేదు. అయినా అతన్ని పిలిపించి విడమరిచి చెప్పారు. ఆ పొగ వేడి శ్వాసనాళాల లోపలి పొరని మాడ్చి కళ్ళె పెంచుతుందనీ, అలా బిగబడితే బుడగ పగిలే ప్రమాదముందనీ.

నాంచారయ్య మానేశాడు. కొన్నాళ్ళకి కళ్ళె తేటపడింది, దగ్గర నీళ్ళల్లోకి వేటకీ వెళ్ళాడు. మేము సంతోషించాం. వెంకాయమ్మ మాత్రం, వాడు కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడమ్మా అని చెప్పింది. మా కేంద్రానికి ఛాతీ తప్ప మనసు పట్టదు. నిద్రమాత్రలు రాశారు. మనసు డాక్టరుకి చూపించుకో, విజయవాడ వెళ్ళు అంటే, పిచ్చోణ్ణాండీ నేను అన్నాడు.

నవంబరులో, తుఫాను వచ్చిన రోజున, పోయినవాళ్ళ పేరున ఊరంతా భోజనాలు పెట్టుకున్నారు. నాంచారయ్య విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళి చిలుము నింపాడు. ఆ బిగబట్టడంలోనే ఛాతీలో పొడిచినట్టయి కూలిపోయాడు. లారీలో మా దగ్గరికి చేరేసరికి ఛాతీలో ఒక పక్క కదలిక లేదు. బుడగ పగిలి, బయటపడిన గాలి ఊపిరితిత్తిని నలిపేసింది. దీన్ని న్యూమోథొరాక్స్ అంటారు. డాక్టరుగారు పక్కటెముకల మధ్య గొట్టం దించి, రెండో కొసని సీసాలో నీళ్ళల్లో ఉంచారు. కాసేపు నీళ్ళల్లోకి గాలి బుడబుడమంటూ వచ్చింది. తర్వాత అదీ ఆగిపోయింది.

“పొగేనా అమ్మా వాడి ప్రాణం తీసింది?” అని వెంకాయమ్మ అడిగింది.

పొగేనన్నాను.

“మానినన్నాళ్ళు వాడు తిండి తిన్లేదుగా” అంది.



ఆ బుడగలు గంజాయి వల్లే పుట్టాయని నేను ప్రమాణం చెయ్యను, పుట్టుకతోనే ఉన్నాయేమో. ఒక్క మనిషిని చూసి శాస్త్రం రాయకూడదు. కానీ నల్లటి కళ్ళె పొగదే. బుడగని పగలగొట్టింది ఆ బిగబట్టడమేనని ఇప్పటికీ అంటాను.

తర్వాత శిక్షణకి వచ్చిన అమ్మాయిలకి ఒకటే చెప్పేదాన్ని. ఏం పీలుస్తున్నాడో అడగండి, ఎందుకో కూడా అడగండి. మాన్పించడం పని పూర్తవడం కాదు, అక్కడే మొదలు. మానినవాడి ఇంటికి మానకముందు కంటే ఎక్కువసార్లు వెళ్ళాలి.