లోపలికి తిప్పిన టైరు

యేసుదాసుకు మాట్లాడే ఓపిక పోయి చాలా కాలమైంది. ముప్పై రెండేళ్ళుగా తెనాలిలో కార్లకు చక్రాలు సరిచేస్తున్నాడు. వచ్చినవాడికల్లా ఒకటే పాట పాడాడు. గాలి తక్కువైతే రెండంచులూ అరుగుతాయి, ఎక్కువైతే నడుమ అరుగుతుంది, ఒక్క అంచే అరిగితే చక్రం తిన్నగా నడవడం లేదు, అలైన్‌మెంట్ చేయించుకోండి అని. ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ అప్పుడప్పుడూ మార్చుకోమని కూడా చెప్పాడు. అందరూ బుద్ధిగా తలూపారు. ఊపి, గాలి కొట్టించుకుని వెళ్ళిపోయారు. ఎంతకని చెబుతాడు మనిషి?

వాళ్ళలో ప్రకాశరావు ఒకడు. తెనాలి నుంచి రేపల్లెకు రోజూ కారు తిప్పుతాడు. కోతల కాలంలో ఆ దారిలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఎదురుగా బస్సు వచ్చిందంటే ఎడమ చక్రాలు మట్టిలోకి దించాలి, మళ్ళీ తారు అంచు మీదికి ఎక్కించాలి. ఆ దెబ్బలకు చక్రం పక్కకు లాగడం మొదలుపెట్టింది. ఎడమవైపు ముందు టైరు బయటి అంచు గీతలన్నీ పోయి నున్నగా తేలింది.

“అలైన్‌మెంట్ అంటే పూట పోద్ది బాబాయ్. టైరు తిప్పి ఏసెయ్యి. అరిగింది లోపలికి పోద్ది, ఎవరికీ కనపడదు,” అన్నాడు రెండు నెలల కిందట.

యేసుదాసు వద్దన్నాడు. ప్రకాశరావు బతిమాలాడు. అప్పటికే ఆ రోజు ముగ్గురితో వాదించి ఉన్నాడు యేసుదాసు. పోనీలే, వాడి కర్మ అనుకుని టైరు ఊడదీసి, అరిగిన వైపు లోపలికి వచ్చేలా బిగించి పంపేశాడు. బయటికి చూస్తే కొత్త పెళ్ళికొడుకులా ఉంది.

ఇవాళ పొద్దున్న అదే కారు యేసుదాసు ఇంటి ముందే ఆగింది. కూతురు మనీషా రేపల్లె దగ్గర టీచరు. రోజూ వెళ్ళే ఆటో మానేసి, ఇవాళ్టి నుంచి తోటి టీచర్లు ముగ్గురు వెళ్ళే కారులో చేరింది. అది ఎవరి కారో ఆయన అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు. టీ తాగుతున్న యేసుదాసు ప్రకాశరావును చూసి గ్లాసు కింద పెట్టేశాడు. మనీషా అప్పటికే కారెక్కి కూర్చుంది.

యేసుదాసు వీధిలోనే మోకాళ్ళ మీద కూలబడి టైరు లోపలివైపుకు చెయ్యి పోనిచ్చాడు. వేలికి తీగ గుచ్చుకుంది. తర్వాత తగిలిన దెబ్బలకు చక్రం లోపలికి వాలి, అటువైపు మిగిలిన రబ్బరు కూడా అరిగి ఇనప తీగలు బయటపడ్డాయి.

“అందరూ దిగండమ్మా. ఈ టైరు ఎప్పుడైనా పేలుద్ది.”

“అయ్యో, టైమైపోతోందండి. ఆలస్యమైతే మా హెచ్చెమ్ గారు ఊరుకోరు,” అంది బాలసరస్వతి టీచరు.

“నిన్నటిదాకా బానే నడిచింది గదా బాబాయ్! అయినా తిప్పి ఏసింది నువ్వేగా!” అన్నాడు ప్రకాశరావు.

యేసుదాసు కాదనలేదు. ఎన్నో ఏళ్ళుగా తన మాట విననివాళ్ళ మీద కోపం మోస్తూ వచ్చాడు. ఇప్పుడు ఆ కోపం పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది.

“అవునమ్మా. నేనే తిప్పేశాను. తెలిసే చేశాను,” అన్నాడు నేల చూస్తూ.

మనీషా కారు దిగి తండ్రి పక్కన నిలబడింది. కసురుకుంటుందనుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

“నేనెక్కాను కాబట్టి ఇవాళ చెయ్యి పెట్టి చూశావు నాన్నా. ఈ మేడంగార్లు రెండు నెలలుగా ఇందులోనే వెళ్తున్నారు.”

యేసుదాసు ఆ ముగ్గురి మొహాలూ చూడలేకపోయాడు. చూడకుండానే చెయ్యి చాచి, “జాకీ ఇయ్యి ప్రకాశరావూ,” అన్నాడు.