లాడ్జీ పద్ధతిలో బిగించిన గీజరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చెయ్యి లేచాకే నోట మాట వస్తుంది. పాకాలలో అక్కావాళ్ల ఇంటి గోడలు చెక్కి ఫోన్‌తో పనిచేసే స్విచ్‌లు బిగించింది నేనే. ఆ తర్వాత జరిగినదాంట్లో నా చెయ్యి ఎంత ఉందో ఒకరు చెప్పనక్కర్లేదు.

తిరుచానూరు లాడ్జీల్లో కరెంటు పని నాది. అక్కడ గదుల్లో గీజరుకు స్విచ్ ఉంచం. వచ్చినవాళ్లు గీజరు వేసి, మరిచిపోయి కొండకు వెళ్లిపోతారు. అది మర్నాటిదాకా కాలుతూనే ఉంటుంది. అందుకని గోడ మీది స్విచ్ పీకేసి, అక్కడ ఉత్త ప్లేటు బిగించి, పెత్తనమంతా కింద కౌంటర్లో కూర్చునే మనిషి ఫోన్‌కు ఇస్తాం. బావ ఒకసారి వచ్చి అది చూశాడు. ఫోన్ మీద వేలు పెడితే మూడో అంతస్తులో గీజరు ఆగిపోతుంటే తెగ సంబరపడ్డాడు. ఫ్యాన్లు, లైట్లు, గీజరు, తన ఇంట్లోనూ అన్నీ అచ్చం అలాగే కావాలన్నాడు.

బిగిస్తున్న రోజు అక్క వచ్చి స్టూలు పక్కన నిలబడింది. అక్క అంగన్వాడీలో పిల్లలకు చదువు చెబుతుంది, గొంతు పెంచి మాట్లాడడం తెలియదు.

"గోడ మీద ఒక్క స్విచ్చన్నా ఉంచరా" అంది.

పోనీ తన ఫోన్లో కూడా పెట్టమంది. ఇంటికి ఒక ఫోన్ చాలన్నాడు బావ. లాడ్జీ మొత్తానికే ఒక ఫోన్ సరిపోతోంది, నీ రెండు గదులకెంత అని నేనూ నవ్వాను. పాత స్విచ్‌లన్నీ సంచిలో వేసుకుని, నా పనితనానికి నేనే మురిసిపోతూ వచ్చేశాను.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా అన్నీ బాగా పనిచేస్తున్నాయనే చెప్పేది అక్క.

చలికాలం ఒక పొద్దున పూతలపట్టులో పనికి పోతూ వాళ్లింటికి వెళ్లాను. బావ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఒళ్లో ఫోను. స్నానాల గదిలోంచి అక్క లైటు వేయమని బతిమాలుతోంది. నీళ్లు చల్లబడ్డాయి, తలకు పెట్టుకున్న శీకాయ కళ్లల్లో పడిందంటోంది. బావ నన్ను చూసి నవ్వాడు.

"నువ్వు పెట్టింది బలే పనిచేస్తా ఉండాదప్పా. ఎదురు సెప్పిన రోజు ఆయమ్మకి ఇదే శిక్ష."

కాఫీ గ్లాసుతో సహా ముఖం మీద గుద్దాను. కుర్చీ వెనక్కి పడింది. రొమ్ము మీద కూర్చుని రెండు చేతులా కొట్టాను. పెదవి చీలింది, ముందు పన్ను ఊడి నా చొక్కా మీద పడింది. జుట్టు పట్టుకుని తలను నేలకేసి మోదాను. అతను చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీదే కొట్టాను. నిజం చెబుతున్నాను, ఆ దెబ్బలు నాకు హాయిగా ఉన్నాయి. అక్క తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి నా భుజం లాగింది. ఆమెను విదిలించి ఇంకో రెండు వేశాను. లేచి ఆ ఫోన్‌ను చెప్పు కాలితో పొడి పొడి చేశాను. ఆ ఇంట్లో లైటు వేయాలన్నా ఆ ఫోన్ తప్ప దిక్కులేదని అప్పుడు నాకు తోచలేదు. అక్కకు న్యాయం చేశాననుకుంటూ పూతలపట్టు వెళ్లి పని చేసుకున్నాను.

మధ్యాహ్నం అక్కతో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది. ఫోన్ పోయి, పన్ను పోయి, వీధిలో పరువు పోయి, బావ రోకలి తీశాడట. అక్క కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

చిత్తూరు ఆసుపత్రికి వెళ్లేసరికి పిండికట్టు కట్టి ఉన్నారు. పక్కన ఆవిడే కూర్చుని ఉంది. వాణ్ని చంపేసి వస్తానని లేచాను. అక్క ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వు కొట్టి పొయినావు. నేను ఆడనే ఉండాల్సొచ్చెరా" అంది.

పోలీసులకు తనే చెప్పుకుంటానంది. ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటైనా ఎందుకనలేదని అడిగాను. ఇక ఆ ఇంటి ముఖం చూడొద్దు, మా ఇంటికి వచ్చేయమన్నాను. అక్క నా పిడికిళ్ల మీది గాట్లు చూసింది.

"మీ ఇంట్లో నీ పెండ్లాం నీకు ఎదురు సెప్పి ఎన్నాళ్లయిందిరా?"

ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అక్క ఆవిడ భుజం పట్టుకుని లేచి, ఆవిడ ఇంటికి పోవడానికే ఆటో ఎక్కింది.