కళ్లు మూసుకుని మార్కులేసే మేడమ్

మా తమ్ముడు ఈ రోజు కంచం ముందు కూర్చుని కూరలో ఉప్పు తక్కువైందని నాతో పోట్లాడుతున్నాడంటే, అది పక్కవాటాలో ఉండే ఆవిడ చలవే. వాడు విమానాలు నడిపే వైమానిక దళంలో అందరూ ఆవిడను కునుకు మేడమ్ అంటారు.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ రేడియో గదిలో పనిచేసేది. గాల్లో ఉన్నవాళ్ల గొంతులు వినీ వినీ పాము చెవులు వచ్చేశాయి. భర్త హాల్లో నిట్టూర్చినా వంటింట్లోంచి "ఏమైందండీ?" అంటుంది. పాపం, ఆయనకు గుట్టుగా నిట్టూర్చే యోగం కూడా లేదు. తర్వాత ఆవిడకు శిక్షణను బేరీజు వేసే పని అప్పగించారు. విమాన సిబ్బంది కలిసికట్టుగా పనిచేయడం, ప్రమాదం కనబడితే నోరు విప్పడం వంటి పాఠాలు వాళ్ల తలకు నిజంగా ఎక్కాయా లేదా అన్నది ఆవిడ తేల్చాలి.

సిమ్యులేటర్ అని, నేల మీదే ఉండే ఉత్తుత్తి విమానం ఒకటుంది. అందులో వెనక కూర్చుని ఆవిడ కళ్లు మూసుకుంటుంది. నడిపేవాళ్ల చేతులు చూడదు, మాటలే వింటుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

రాతపరీక్షలో మా తమ్ముడి జట్టులో అందరికీ నూటికి నూరు. ఆవిడ మాత్రం కెప్టెన్‌ని చాటుగా పిలిచి, సిమ్యులేటర్‌లో కావాలనే విమానాన్ని మరీ కిందికి దించమంది. పక్కసీట్లో మా వాడు చూశాడు, గుటకలు మింగాడు, నోరు మాత్రం మెదపలేదు. తెర మీద విమానం వెళ్లి కొండను గుద్దింది.

"నీ గుటక నాకు వినబడింది. చూశావుగా, మరెందుకు చెప్పలేదు నాన్నా?"

"సార్‌కి తెలీదా మేడమ్, ఏదో ఆలోచించే దించుంటారనుకున్నా."

మిగతా జట్లదీ అదే తంతు. "తప్పు కుర్రాళ్లది కాదు. నోరు విప్పమని వీళ్లకు చెప్పారు. విప్పితే వినమని కెప్టెన్లకెవరు చెప్పారు? ఈ శిక్షణ పనికిరాదు, మళ్లీ మొదలుపెట్టండి" అని పైవాళ్ల మొహం మీదే అనేసింది. వాళ్లు కస్సుమన్నారు. ఆవిడ పట్టిన పట్టు విడవలేదు. మళ్లీ శిక్షణ పెట్టడంతో సెలవు పోయిందని తమ్ముడు రుసరుసలాడితే నేనూ వంత పాడాను. ఈసారి కెప్టెన్లను కూడా పాఠానికి కూర్చోబెట్టారు.

మొన్న వానలో నిజం విమానమే దిగుతోంది. చుట్టూ మబ్బు. అదే కెప్టెన్, పక్కన మా వాడు. "సార్, ఎత్తు చాలదు, పైకి లేపండి!" అని అరిచాడట. కింద కొండ ఉంది.

వాడు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాడు. వాణ్ని పక్కవాటాకు లాక్కెళ్లి, ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"మీ రుణం ఎలా తీర్చుకోను పిన్నిగారూ!"

"ఊరుకోవే పిచ్చిపిల్లా" అని ఆవిడ తమ్ముణ్ని కూర్చోమంది. అలవాటుగా కళ్లు మూసుకుంది. "నువ్వు అరిచాక కెప్టెన్ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు మేడమ్. ఎందుకని కూడా అడగలేదు. వెంటనే లేపేశారు."

మూసిన కళ్లలోంచే ఆవిడకు నీళ్లు కారాయి.

"హమ్మయ్య" అంది. "ఇప్పుడు పాసయ్యాం."