ఫ్లెక్సీ మీది పిల్ల

మేడ్చల్ బస్ డిపో దగ్గర నాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. లైనింగులు, ఫాల్సులు, జాకెట్ ముక్కలు అమ్ముతాను. వెనక ఒక మిషను పెట్టుకుని చిన్న చిన్న కుట్లు వేసిస్తాను. ఈ మధ్య వచ్చే పని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. తల్లి వచ్చి కూతురి టాపుకు కింద జానెడు బట్ట అతికించమంటుంది. వారం తిరక్కుండా ఆ కూతురే వచ్చి, ఆంటీ, ఆ ముక్క విప్పెయ్యి అంటుంది. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమంటారు. నాకు నోరెక్కువ. ఏ వయసుకు ఏ బట్టో ఇద్దరికీ గట్టిగానే చెప్పి, ఇద్దరి పనీ చేసి పంపిస్తాను.

మా తమ్ముడి కూతురితో మాత్రం ఆ తగువు ఎప్పుడూ రాలేదు. తొమ్మిదో తరగతి. వాళ్ళది శామీర్‌పేట అవతల ఊరు, చదువు మాత్రం మేడ్చల్‌లో. బడి అయ్యాక ఖో-ఖో ఆడి, వాళ్ళ నాన్న కారు వచ్చేదాకా నా కొట్లో కూర్చునేది. నీలం ట్రాక్ ప్యాంటు, మోకాళ్ళ మీద ఎర్రమట్టి, అన్న విడిచేసిన టీషర్టు. లైనింగ్ తానుల మీద ఎక్కి కాళ్ళు బారజాపుకుని మిర్చీ బజ్జీలు తినేది.

"కాళ్లు దగ్గర పెట్టుకొని కూసో పోరీ, గిరాకీలొస్తరు" అనేదాన్ని.

"ట్రాక్ ప్యాంటే గదా అత్తా. దీని మీద ఇంకోటి ఏసుకోవాల్నా?"

మాటకు మాట అంటించేది. ఇంట్లో మరెవరూ నాతో అలా మాట్లాడరు. నాకు అది చాలా ఇష్టంగా ఉండేది. ఆ ఏడు జిల్లా పోటీలకు వాళ్ళ బడి జట్టు వెళ్ళాలి. దాంట్లో ఆడాలి, పెద్దయ్యాక పీఈటీ టీచరు కావాలి, మెడలో ఈల వేసుకుని తిరగాలి. దాని కోరికల జాబితా అంతే. ఆ ఈల ఒకటి నేనే కొనిస్తే బజ్జీల నూనె చేతులతోనే ఊది వీధంతా తిరిగిచూసేలా చేసింది.

మా తమ్ముడు ఒకప్పుడు కూరగాయలు పండించేవాడు. చుట్టూ ప్లాట్లు పడ్డాక పొలం పోయింది, తెల్ల చొక్కా వచ్చింది. ఈసారి వార్డు టికెట్టు తనదే అని నమ్మకం. టికెట్టు కావాలంటే నలుగురి కళ్ళల్లో పడాలి. నలుగురిని పిలవాలంటే ఇంట్లో ఒక ఫంక్షన్ ఉండాలి. పెళ్ళికి ఎదిగినవాళ్ళు లేరు, గృహప్రవేశం అయిపోయింది. అందుకని పిల్లకు హాఫ్ శారీ ఫంక్షన్ పెట్టారు. పిల్లను అడిగారా అని మీరు నన్ను అడగకండి.

బట్టల కోసం కొంపల్లిలో బొటిక్‌కు వెళితే నేనూ వెళ్ళాను. అక్కడ కుట్టించింది లంగావోణీ అనుకునేరు. అది పెళ్ళికూతురికి కుట్టే లెహంగా. జాకెట్టుకు వెనక బట్ట బదులు తాళ్ళు, ఆ తాళ్ళకు గజ్జెలు. నా కడుపు మండింది.

"చిన్నపిల్లకు కుట్టే జాకెట్టా ఇది? మంచిగ లేదు" అన్నాను.

"వదినా, నువ్వు ఇంక గా కాలంలనే ఉన్నవు. ఇప్పుడు అందరు గిదే ఏస్తుండ్రు" అంది మరదలు. ఆ మరదలే, నెల కిందట పిల్ల జీన్స్ ప్యాంటు అడిగితే ఎదిగిన ఆడపిల్లకు ప్యాంట్లేంది అని వీపు మీద ఒకటి వేసింది. జీన్స్ ప్యాంటు ఒళ్ళంతా కప్పుతుంది కదా, ఇదేం కప్పుతుంది అని అడిగాను. ఫంక్షన్ వేరు, రోజూ వేసుకునేది వేరు అంది. నాకు ఇప్పటికీ ఆ లెక్క బోధపడలేదు.

పిల్ల అద్దంలో చూసుకుని ముఖం ముడుచుకుంది. "దీంట్ల ఉరకరాదు" అంది. తర్వాత మెల్లగా, "అత్తా, లోపల టీషర్టు ఏసుకుంటే కనబడుతదా?" అని నన్ను అడిగింది. బొటిక్ అమ్మాయి పగలబడి నవ్వింది. పిల్ల తెర వెనక్కి వెళ్ళి తన ట్రాక్ ప్యాంటు ఎక్కించుకుంది.

ఫంక్షన్‌కు ముందు శామీర్‌పేట చెరువు పక్కన ఫొటోలు తీశారు. మంచినీళ్ళ సీసా, పిన్నీసుల డబ్బా పట్టుకుని నేను వెంట ఉన్నాను. ఓణీని వీపు మీదుగా తెచ్చి పిన్ను పెట్టాను. కెమెరా పట్టుకున్నవాడు, ఆంటీ, పిన్ను ఫొటోలో పడుతోంది తియ్యండి అన్నాడు. నేను తియ్యలేదు, మరదలు వచ్చి తీసింది. వాడు పిల్లను వెనక్కి తిరగమన్నాడు, భుజం మీదుగా చూడమన్నాడు, నవ్వొద్దన్నాడు. అసలు నవ్వేలా ఉందా అది.

ఫ్లెక్సీ నమూనా మా తమ్ముడి ఫోనుకు వచ్చిన రోజు నేను వాళ్ళ ఇంట్లోనే ఉన్నాను. వరండాలో వాడూ, వాడి వెనక తిరిగేవాళ్ళూ తలలు ఆనించి కూర్చున్నారు. పైన వరసగా నాయకుల ఫొటోలు. ఎవరిది పెద్దగా ఉంది, ఎవరిది చిన్నగా ఉంది, ఎవరి పక్కన ఎవరు ఉండకూడదు, ఎవరి పేరుకు ముందు గౌరవనీయులు పడలేదు. పొద్దుట మొదలైన పంచాయితీ అన్నాలవేళకు కూడా తెగలేదు. ఒక పెద్దాయన ఫొటో పక్కాయన కంటే పిసరు చిన్నదైందని మళ్ళీ మార్పించారు. మధ్యలో నిలువెత్తున ఉన్న పిల్ల ఫొటో ఎలా ఉందో వాళ్ళెవరూ చూడలేదు. పిల్ల తండ్రే చూడలేదు. నాకు ఫోను ఇవ్వమంటే, గిది రాజకీయం అక్కా, నీకు తెల్వదు అన్నాడు.

రెండో రోజు కొట్టుకు వెళుతూ మేడ్చల్ చౌరస్తాలో చూశాను. అటు తిరిగి, భుజం మీదుగా మన వైపు చూస్తూ, నవ్వకుండా, పెదాలకు రంగుతో మా పిల్ల. పాతికేళ్ళ మనిషిలా ఉంది. అక్కడి నుంచి శామీర్‌పేట దాకా కరెంటు స్తంభాలకు అదే. వెంటనే ఫోన్ చేశాను.

"నీ బిడ్డ ఫొటో చూసినవా?"

"చూసిన అక్కా, మస్తొచ్చింది. సార్ ఫొటో గూడ మంచిగ పడ్డది."

ఫంక్షన్ అయింది. టికెట్టు ఇప్పించే సారు వచ్చాడు, అక్షింతలు వేశాడు, తమ్ముడి భుజం తట్టాడు. ఫ్లెక్సీలు మాత్రం అలాగే ఉంచారు, టికెట్టు తేలేదాకా ఉండనీ అని. దుండిగల్ వైపు కాలేజీలకు పోయే పోరగాళ్ళు కొందరు ఆ ఫ్లెక్సీ పక్కన నిలబడి వెకిలి చేష్టలతో రీల్సు తీశారు. ఆ రీల్సు కింద జనం రాసిన మాటలు నేను ఇక్కడ రాయను. అవి రాసినవాళ్ళ ఇళ్ళల్లోనూ ఆ వయసు పిల్లలు ఉండే ఉంటారు. తమ్ముడంటే పడనివాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? ఓట్ల కోసం బిడ్డను రోడ్డు మీద నిలబెట్టాడని ఊరందరి ఫోన్లకూ పంపారు. ఫ్లెక్సీలు ఆ రోజే ఊడబీకించారు. బడిలో ఎవరో పిల్లవాడు నల్లబోర్డు మీద ఏదో బొమ్మ గీశాడట. మా పిల్ల బ్యాగు సర్దుకుని బయటికి వచ్చి, నా కొట్టుకు రాకుండా తిన్నగా ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి నేను వెళ్ళేసరికి వరండాలో తీర్పు నడుస్తోంది. తమ్ముడు, మరదలు, మా అమ్మ, కులపెద్ద ఒకాయన. మరదలు కెమెరావాడిని తిడుతోంది. అమ్మ ఫోన్లను తిడుతోంది. పిల్ల వంటింటి గడపలో మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఇగ బడి బంద్" అన్నాడు తమ్ముడు. "ఇంట్ల ఉండి ఓపెన్ స్కూల్ల టెన్త్ కడుతది."

నేను ఒంటికాలి మీద లేచాను. "ఫొటో తీయించింది నువ్వు. రోడ్డు మీద కట్టించింది నువ్వు. బడి దానికి బందా?"

"నువ్వే అన్నవు గదా అక్కా, గా జాకెట్టు మంచిగ లేదని. నువ్వు అప్పుడే చెప్పినవని ఇంట్ల అందరు అంటుండ్రు."

"నేను జాకెట్టును అన్న. పిల్లను అనలే."

కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. "రెండు ఒకటే గదమ్మా" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

నా మాటే తీసుకెళ్ళి దాని మెడకు కట్టారు. నేను అరిచాను, ఏడ్చాను, మీ అందరి సిగ్గూ ఆ ఒక్కదాని ఒంటి మీద కప్పుతారా అని అడిగాను. అప్పుడు గడపలో నుంచి దాని గొంతు వినిపించింది.

"పోటీలున్నయి బాపు. గవి అయినంక బంద్ చెయ్యి."

బడి వద్దంటే వద్దు, ఆ పోటీలదాకా ఒప్పుకోమంది. అంత తక్కువ అడిగింది.

"నిక్కర్లేసుకొని నలుగుర్ల ఉరుకుతవా?" అన్నాడు తమ్ముడు. "ఇంక సాలలేదా?"

అది లేచి లోపలికి వెళ్ళిపోయింది. పోటీలకు వేరే పిల్లను తీసుకెళ్ళారని తర్వాత వాళ్ళ పీఈటీ సారు కొట్టుకు వచ్చి చెప్పాడు. ఆయన కూడా మొహమాటంగా, పోనీలే అమ్మా, ఆడపిల్ల విషయం అన్నాడు. ఆయనకు టీ కూడా ఇవ్వలేదు నేను.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా షేర్ ఆటో ఎక్కి వెళ్ళేదాన్ని. పిల్ల ఒంటి మీద ఎప్పుడూ మోచేతుల కిందికి వచ్చే చేతులతో వదులు నైటీ, దాని మీద చున్నీ, ఆ చున్నీకి రెండు పిన్నులు. ఎండాకాలంలోనూ అంతే. ఎవరూ వేసుకోమనలేదట, అదే వేసుకుంటోందట. మరదలు ఈ సంగతి సంతోషంగా చెప్పింది, ఇప్పుడు బుద్ధొచ్చింది వదినా అని. దాని మాటకు మాట ఎక్కడ పోయిందో నాకు అర్థం కాలేదు. అడిగితే ఊఁ, లేకపోతే ఊహూఁ.

ఊడదీసిన ఫ్లెక్సీలను ఎవరూ పారేయలేదు. గట్టి షీటు కదా. మా అమ్మ వాటిని బర్రెల కొట్టానికి వానజల్లు పడకుండా చుట్టూ కట్టించింది. మొదట బొమ్మ బయటికి వచ్చేలా కట్టారట. నేను వెళ్ళేసరికి బయటంతా తెల్లగా ఉంది.

"ఎవలు తిప్పిండ్రు?" అని అడిగాను.

"నేనే" అంది. "బర్రెలకేం తెల్వదు గదా అత్తా."

చివరికి టికెట్టు వేరేవాళ్ళకు పోయింది. తమ్ముడు తెల్ల చొక్కా విప్పేసి మంచం పట్టినవాడిలా అయ్యాడు. ఇదే సమయమని నేను పట్టుకున్నాను. పోరు పెట్టాను, బతిమాలాను, అమ్మ మీద ఒట్టు పెట్టాను. ఒకరోజు వాడే విసుగెత్తి అన్నాడు. "తీస్కపో అక్కా. నీ ఇంట్ల ఉంచుకొని నీ ఇష్టమొచ్చిన బడిల ఏసుకో. నేనేమనను."

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ పూటే మా వీధి చివరి బడిలో మాట్లాడాను. వాళ్ళకు ఖో-ఖో కూడా ఉంది. కొట్లోంచి కొత్త నీలం బట్ట తీసి ట్రాక్ ప్యాంటు కుట్టాను, పొడుగైందేమోనని కింద మడత ఎక్కువ వదిలి. అది సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పిల్ల కొట్టం ముందు గడ్డి వేస్తోంది. మొత్తం ఒక్క గుక్కలో చెప్పాను. చివర ప్యాంటు తీసి చేతిలో పెట్టాను.

అది దాన్ని విప్పి చూసింది. మడత తడిమింది. మళ్ళీ అలాగే మడిచి నా సంచిలో పెట్టింది.

"నేను రాను అత్తా."

"ఎందుకు? బాపు ఒప్పుకుండు."

"గాడ గా ఫొటో చూడని పోరగాండ్లు ఉంటరా?"

"ఎవలు గుర్తువట్టరే. గింత లావు చున్నీల నిన్ను నేనే గుర్తువట్టలే. నాలుగు దినాలైతే అందరు మర్చిపోతరు."

"నువ్వు మర్చిపోయినవా?"

ప్యాంటును సంచి అడుక్కి తోశాను. కోపం వచ్చింది, తమ్ముడి మీద, కెమెరావాడి మీద, రీల్సు తీసినవాళ్ళ మీద, కులపెద్ద మీద. ఎవరి మీద వస్తే ఏం లాభం? ఇన్నాళ్ళూ తలుపు బయట గడియపెట్టి ఉందనుకుని దాన్ని తీయడానికి తిరిగాను. ఇప్పుడు అది లోపల కూడా పెట్టుకుంది. ఆ గడియ నాకు అందదు.

"ఈల ఉన్నదా?" అని అడిగాను, ఇంకేం అడగాలో తోచక.

"పెద్దబాపు మనుమలకిచ్చిన, ఆడుకుంటరని" అంది. దాని పెదనాన్న మనవళ్ళు ఇంట్లో అరుస్తూ తిరుగుతున్నారు.

ఆటో టైమైందని లేచాను. అది గేటు దాకా వచ్చింది, గేటు దాటలేదు. సంచి బరువుకు నా కొంగు భుజం మీద నుంచి జారి, నడుము దగ్గర చీర పక్కకు పోయింది. నాకు తెలియనే తెలియలేదు. కొట్లో రోజంతా అలాగే తిరుగుతాను, యాభై దాటినదాన్ని, నన్నెవరు చూస్తారు. అది రోడ్డుకు అటూ ఇటూ చూసి, గబగబా నా కొంగు లాగి, నడుము చుట్టూ తిప్పి, తన చున్నీలోంచి ఒక పిన్ను తీసి భుజం దగ్గర గుచ్చింది.

"సక్కగ కప్పుకో అత్తా" అంది చిన్నగా. "ఆటోల మొగోళ్లుంటరు."

కప్పుకున్నాను.