అ బాయ్

మొన్న బంగారుపాళ్యం బస్సులో పక్క సీటు పాప ఫోన్‌లో పాఠం వింటూ "అ బాయ్" అంది. నాకు మూడో తరగతి గుర్తొచ్చింది.

ఆ ఏడు నాయన నన్ను వడమాలపేట నుంచి తెచ్చి తిరుపతిలో ఇంగ్లీషు బడి హాస్టల్లో చేర్చాడు. "ఈడ తెలుగు మాట్లాడకూడదంట మే. బాగా సదువుకో" అని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత నాకు అర్థమయ్యే మాట ఎవరూ మాట్లాడలేదు.

ఒకరోజు టీచర్ గోడమీద పిల్లవాడి బొమ్మ చూపించి "అ బాయ్" అంది. మా ఊరి బడిలో "ఎ బాయ్" అనే నేర్పారు. అందుకే నాకది "అబ్బాయి" అని వినిపించింది. టీచర్ తెలుగు మాట్లాడిందని ప్రాణం లేచొచ్చింది. ఆమె పక్కనున్న ఆడపిల్ల బొమ్మ మీద చెయ్యి పెట్టగానే నేను లేచి నిలబడి, "అమ్మాయి" అన్నాను గట్టిగా.

క్లాసంతా నవ్వింది. టీచర్ మాత్రం నవ్వకుండా, "నో తెలుగు" అని నన్ను కూర్చోమంది.

మాటల మధ్యలో ఇంగ్లీషు "ఎ"ని "అ" అని తేలిగ్గా పలకాలని పెద్దయ్యాక తెలిసింది. ఆమె తప్పేమీ లేదు. నేనే, ఆ గదిలో నా మాట మాట్లాడే మనిషి ఒకరున్నారని కాసేపు నమ్మాను. ఆ ఏడాదంతా మళ్ళీ నా అంతట నేను నోరు తెరవలేదు.