అత్తమ్మ నేర్పిన జవాబులు

మా అత్తమ్మ చనిపోయి పన్నెండు రోజులైంది. పొద్దున చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. పలకరించడానికి వచ్చిన వాళ్లందరూ ఒకే మాట అన్నారు, "ఎవల్ని ఒక్క మాట అనలే, మంచిగ పోయింది" అని. నేను తల ఊపాను. ఆమె మనసులో ఏం పెట్టుకుని పోయిందో నాకొక్కదానికే తెలుసు.

మా ఆయన దుబాయిలో పనిచేస్తాడు. నిజామాబాద్‌లో ఉండేది ముగ్గురం: నేను, అత్తమ్మ, నా బిడ్డ. అత్తమ్మ బోధన్ దగ్గరి పల్లెలో పుట్టింది. రెండో తరగతిలోనే బడి మాని చెరుకు కొట్టడానికి పోయింది. పెళ్లయి వచ్చాక బీడీలు చుట్టింది. నేను బట్టల దుకాణంలో పనికి కుదిరినప్పుడు చుట్టాలు గుసగుసలాడితే, "నా కోడలు పోతది, మీకేంది?" అని ఒక్క మాటతో నోళ్లు మూయించింది. పొద్దంతా పిల్ల ఆమె దగ్గరే ఉండేది.

రెండేళ్ల కిందట పిల్లను ఎల్‌కేజీలో వేయాల్సి వచ్చింది. పట్టణంలో పేరున్న ఇంగ్లిష్ మీడియం స్కూలే కావాలని పట్టుబట్టింది నేను. అక్కడ పిల్లకు ఇంటర్వ్యూ ఉంటుంది. పేరు, రంగులు, పండ్లు, తండ్రి ఏం చేస్తాడు, అన్నీ ఇంగ్లిష్‌లోనే చెప్పాలి.

"ఫోన్ల గా మాటలు పెట్టిపో. నేను ఇని దానికి చెప్త" అంది అత్తమ్మ.

నా గొంతుతోనే ప్రశ్నలూ జవాబులూ రికార్డు చేసి ఇచ్చాను. నెల రోజులు ఆమె ఒళ్లో బీడీల చాట, పక్కన ఫోను, నోట్లో ఇంగ్లిష్. బీడీలు చుట్టే తునికాకు చూపించి "గిదేం కలర్?" అనేది. "గ్రీన్" అనేది నా బిడ్డ. ఆకులో నింపే తంబాకు చూపిస్తే "బ్రౌన్" అనేది. "మై ఫాదర్ వర్క్స్ ఇన్ దుబాయ్" దగ్గర మాత్రం అత్తమ్మ నాలుక ఎప్పుడూ తడబడేది. "వరుకుసిన్ దుబాయ్" అనేది. సాయంత్రం నేను ఇంటికి రాగానే ముందు తనే నాకు అప్పజెప్పి, సరిగ్గా ఉందా అని అడిగేది. పిల్ల బెదిరితే ఒకటే చెప్పేది: "అడిగెటోళ్ల మొకం సూడకు బిడ్డా. నా మొకం సూసి చెప్పు."

ఇంటర్వ్యూ రోజు తలస్నానం చేసి, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. చేతులు ఎంత రుద్దినా వేళ్ల మీది తంబాకు మరక పోలేదు. వాసనా పోలేదు. స్కూలు గేటు ముందు ఆటో దిగాక నేను, "నువ్వు గిక్కడనే ఉండు అత్తమ్మా. లోపలికి తల్లిదండ్రులనే రానిస్తరట" అన్నాను. అబద్ధం. అంతకు ముందే ఒక నాయనమ్మ మనవడి చెయ్యి పట్టుకుని లోపలికి పోవడం ఇద్దరమూ చూశాం.

"సరే పిల్లా, పోయిరా" అంది. చేతులు కొంగు కింద దాచుకుంది.

లోపల మేడమ్ మెత్తగానే అడిగింది. నా బిడ్డ తన పేరు కూడా చెప్పలేదు. గదంతా వెతికింది, తలుపు వైపు చూసింది, చివరికి నా వైపు చూసి ఏడ్చింది.

సీటు రాలేదని మర్నాడు ఫోన్ చేశారు. ఆ కోపమంతా అత్తమ్మ మీద పోశాను. "నీ వరుకుసిన్లు నేర్పితె గిట్లనే అయితది. పిల్లను కరాబ్ చేసినవ్" అన్నాను. మా ఆయనకూ ఫోన్లో అదే చెప్పాను. ఆయన నవ్వుతూ తల్లితో, "నీకెందుకే అవ్వా ఇంగ్లీషు?" అన్నాడు. ఆమె ఫోను నా చేతిలో పెట్టి చాట ముందేసుకుంది. తర్వాత పిల్ల పుస్తకం తెచ్చి ఒళ్లో పెడితే, "మీ అమ్మ వచ్చినంక అడుగు బిడ్డా, నాకు రాదు" అని పక్కన పెట్టేసేది.

రెండు నెలలకు, ఆ స్కూల్లో ఆయాగా చేసే మా గల్లీ ఆమె అసలు సంగతి చెప్పింది. "ఆ దినం సీట్లే లేవక్కా. లిస్టు ముందే అయిపోయింది. ఊకెనే పిలిసిన్రు."

అత్తమ్మకు చెప్పాలనుకుంటూనే ఇంటికి వచ్చాను. చెబితే నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి. గేటు దగ్గర ఎందుకు ఆపానో కూడా ఒప్పుకోవాలి. రేపు చెబుదాం అనుకున్నాను. అలా దాదాపు రెండేళ్లు అయ్యాయి. పిల్ల దగ్గర్లోని చిన్న స్కూల్లో బాగానే చదువుతోంది. ఎవరైనా అడిగితే అత్తమ్మ మాత్రం, "పెద్ద బడిల సీటు వస్తుండె, నేనే కరాబ్ చేసిన" అనేది. నేను వింటూ కూరగాయలు తరుక్కునేదాన్ని.

పదో రోజు పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తరాకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూడటం మా వైపు ఆనవాయితీ. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిందంటారు. దుబాయి నుంచి వచ్చిన మా ఆయన చేతులు జోడించి, "పిల్లను మంచిగ సదివిస్తనే అవ్వా" అన్నాడు. కాకి గోడ మీద వాలింది గానీ కిందికి దిగలేదు.

నేను పోయి విస్తరి ముందు కూర్చున్నాను. "అత్తమ్మా, నీ తప్పు లేదు. సీట్లు ముందే అయిపోయినయ్. నాకు ఎరుకే. నీకు చెప్పలే." అందరికీ వినపడేలాగే అన్నాను. గేటు దగ్గరి సంగతి ఇంకా మిగిలే ఉంది.

"ఏం సీట్లు?" అన్నాడు మా ఆయన.

నేను వెనక్కి తిరిగేలోపు కాకి ఎగిరిపోయింది. ఇంకో గంట చూశాం. ఎండ ముదిరింది. ఇక ఆవుకు పెట్టమన్నారు పెద్దలు. విస్తరి రెండు చేతులతో ఎత్తుకుని గల్లీ చివరిదాకా నడిచాను. అక్కడ నిలబడి ఉన్న ఆవు తొందరేమీ లేకుండా అన్నీ తిన్నది. తర్వాత ఖాళీ విస్తరిని కూడా నోట్లోకి లాక్కుని, నా వైపే చూస్తూ నమిలింది.