మధ్యాహ్నం వచ్చిన ఓటర్లు

1989లో పద్దెనిమిదేళ్ళు నిండినవారికి ఓటు వచ్చింది. అంతకుముందు ఇరవై ఒకటి నిండాలి. ఆ ఏడాది ఎన్నికల్లో మర్రిపాడు అవతల ఒక మెట్ట గ్రామానికి నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. అంటే ఆ పోలింగ్ కేంద్రంలో ఏం జరిగినా పూచీ నాదే. అసలు ఉద్యోగం ఉదయగిరి హైస్కూల్లో సోషల్ టీచరు. ఎన్నికల డ్యూటీ అలవాటైన పనే కాబట్టి బెరుకేమీ లేదు.

బడి గదిలో గోడవారగా రెండు పెద్ద పార్టీల ఏజెంట్లు కూర్చున్నారు. పెంచలయ్యది కిరాణా అంగడి, మాలకొండయ్యది వ్యవసాయం. ఒకరి పేరుతో ఇంకొకరు వస్తే గుర్తుపట్టి అభ్యంతరం చెప్పడమే ఏజెంటు పని. మాకు ఊరు కొత్త కాబట్టి వాళ్ళ కళ్ళే మా కళ్ళు. ఆ ఇద్దరికీ మాటల్లేవని విని, ఇంక దొంగ ఓట్లకు చోటెక్కడిదని నిశ్చింతగా ఉన్నాను. పొద్దుటినుంచి ఒక్క అభ్యంతరమూ రాలేదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆరుగురు కుర్రవాళ్ళు కలిసి వచ్చారు. ముందున్న అమ్మాయి నన్ను చూసి నవ్వింది. మస్తాన్‌బీ. మేనమామ ఇంట్లో ఉండి మా బడిలో పదో తరగతి చదివి, ఇప్పుడు ఆత్మకూరులో కాలేజీకి పోతోంది.

"మీరొస్తారని తెలీదు సార్. ఇదే నా మొదటి ఓటు" అంది.

జాబితా చూస్తున్న పోలింగ్ ఆఫీసరు తలెత్తాడు. "ఈ పేరు మీద ఓటు పడిపోయిందమ్మా."

"నేను ఇప్పుడే గదా వచ్చినాను?" అంటూ చేతులు చాపింది. ఏ వేలికీ సిరా లేదు.

తక్కిన అయిదుగురి పేర్లూ చూశాం. అందరివీ పడిపోయాయి.

"పొద్దున్నే ఎందుకు రాలేదమ్మా?" అన్నాను.

"పెద్దోళ్ళు ముందు ఏసుకుంటారు, పిల్లకాయలు అన్నాలు తిని నిదానంగా రండన్నారు సార్" అంది. గోడవైపు చూసి, "ఇద్దరూ అన్నారు" అని కలిపింది.

అప్పటిదాకా జరిగింది తనే చెప్పింది. "ఎన్నికలనంగానే మా ఎనకాలే తిరిగినారు సార్. ఒకరు వాలీబాల్, నెట్టు ఇచ్చినారు. ఇంకొకరు టీవీ, డెక్కు తెచ్చి సినిమాలు ఏయించినారు. కాలేజీ టైముకు బస్సు ఎవురు ఏయిస్తారని అడిగితే మాత్రం ఇద్దరూ నవ్వేసినారు. అయితే ఎవురి ఓటు వాళ్ళిష్టమని చెప్పేసినాం."

ఏజెంట్లను వరండాలోకి పిలిచాను. మాలకొండయ్య తల వంచుకున్నాడు. పెంచలయ్య మాత్రం తడబడకుండా చెప్పాడు.

"ఎటు పోతాయో తెలియని ఓట్లు సార్. వీళ్ళ వల్ల ఊర్లో గొడవలెందుకని చెరిసగం మా వాళ్ళచేత వేయించి ఇద్దరం సర్దుకున్నాం. మీకేం ఇబ్బంది రాదులే."

మాటల్లేని ఇద్దరూ ఈ ఒక్క పనికి మాట్లాడుకున్నారన్నమాట.

ఇలాంటి చోట చట్టం ఇచ్చే దారి ఒకటుంది. దాన్ని టెండర్డ్ ఓటు అంటారు. తన ఓటు వేరెవరో వేసేస్తే, అసలు మనిషికి వేరే బ్యాలెట్ ఇస్తాం. దాన్ని పెట్టెలో వేయనివ్వం. ప్రిసైడింగ్ ఆఫీసరు తీసుకుని విడిగా కవర్లో పెట్టి సీలు వేస్తాడు. ఈ సంగతి మస్తాన్‌బీకి చెప్పాను.

"లెక్కేస్తారా సార్?"

"వెయ్యరు. ఎవరైనా కోర్టుకు పోతే, అక్కడ అడిగితే విప్పుతారు."

"కోర్టుకు ఎవురు పోతారు సార్?"

నేను బ్యాలెట్ చింపి ఇచ్చాను. ఆమె ముద్ర వేసి, మడిచి, నా చేతిలో పెట్టింది. "క్లాసులో ఈ సంగతి చెప్పలేదే సార్" అంది నెమ్మదిగా. నిష్ఠూరంగా కూడా అనలేదు. నిజంగానే అడిగింది. నా ఓటు నా హక్కు అని క్లాసులో పిల్లల చేత బోర్డు మీద రాయించినవాణ్ణి, తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను. తక్కిన అయిదుగురూ అలాగే వేసి పోయారు.

సాయంత్రం ఆత్మకూరులో పెట్టెలు అప్పగించేటప్పుడు జరిగిందంతా రాసిచ్చాను. తీసుకున్న అధికారి పైపైన చూసి, "కొట్లాటలేం లేవుగా? అయితే ప్రశాంతం" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నా అదృష్టం మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు తిట్టులా తగిలింది.

కొన్నాళ్ళకు ఆత్మకూరు బస్టాండులో మస్తాన్‌బీ కనిపించింది. నేను తప్పుకుని పోదామనుకున్నాను. ఆమే దగ్గరికొచ్చి పలకరించింది.

"ఈ తూరి ఎన్నికలొస్తే మాలో ఒకరం ఏజెంటుగా కూర్చుంటాం సార్. ఎవురో ఒక ఇండిపెండెంటును అడిగి కాగితం రాయించుకుంటే కూర్చోవచ్చంట గదా? మా మొగాలు మాకు తెలుసు."

కూర్చోవచ్చని నాకు ఎప్పటినుంచో తెలుసు. ప్రతి ఎన్నికకూ ముందు ట్రైనింగులో చదివే విషయమే. ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. పిల్లలకు ఓటు ఎంత గొప్పదో చెప్పాను గానీ దాన్ని ఎట్లా ఎత్తుకుపోతారో చెప్పలేదు. ఎత్తుకుపోయేవాళ్ళకు మాత్రం ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఓటు పాఠం వచ్చినప్పుడు ముందుగా మధ్యాహ్నం వచ్చిన ఆ ఆరుగురి సంగతే చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ సిగ్గుగానే ఉండేది.